24 వోల్టుల లారీకి అదనపు ఫ్యూజు బాక్సు బిగించడం ఎలా?

కంపెనీ నుంచి వచ్చిన రోజున లారీ వైరింగు ఎంతో పద్ధతిగా ఉంటుంది. ఆ తర్వాత ఫాగ్ లైట్లు, క్యాబిన్ ఫ్యాన్లు, స్టీరియో, రివర్స్ కెమెరా, ఫోన్ ఛార్జరు, బాడీ చుట్టూ ఎల్‌ఈడీలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఒక మెకానిక్ హెడ్‌లైటు వైరు గీరి కలుపుతాడు, ఇంకొకరు ఇగ్నిషన్ వైరుకి మెలివేసి టేపు చుడతారు, మరొకరు నేరుగా బ్యాటరీ క్లాంపు కింద వైరు దూర్చి బోల్టు బిగించేస్తారు. అన్నిటిలోకీ ప్రమాదం ఈ చివరిదే. దారిలో ఎక్కడా ఫ్యూజు లేని వైరు ఛాసిస్ అంచుకు ఒరుసుకుని పైతొడుగు పోయిందంటే, రెండు బ్యాటరీల బలమంతా ఆ సన్నని రాగి పోగుల మీద పడుతుంది. క్షణాల్లో వైరు ఎర్రబడి, పక్కనున్న వైర్లనూ నైలాన్ గాలి పైపులనూ కాలుస్తుంది.

కాబట్టి ఒకటే పద్ధతి: బ్యాటరీ దగ్గర ఒక మెయిన్ ఫ్యూజు, అక్కడి నుంచి క్యాబిన్‌లోకి ఒక లావు వైరు, క్యాబిన్‌లో ఫ్యూజు బాక్సులు, తర్వాత పెట్టుకునే ప్రతి సామానూ ఆ బాక్సుల నుంచే. ఇక్కడ చెప్పేది మామూలు సరుకు లారీలకు. పెట్రోలు, డీజిలు, గ్యాస్ ట్యాంకర్లకు వైరింగు నిబంధనలే వేరు. వాటి జోలికి వెళ్లకండి.

ముందు లెక్క

సామాను కొనకముందే కాగితం మీద లెక్క వేయాలి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఒక మామూలు బండి తీసుకుందాం. 70 వాట్ల హాలోజన్ ఫాగ్ లైట్లు రెండు: 140 ÷ 24, అంటే దాదాపు 5.8 ఆంపియర్లు. క్యాబిన్ ఫ్యాన్లు రెండు: తలా ఒక ఆంపియరు. ఎల్‌ఈడీలన్నీ కలిపి 30 వాట్లు: 1.3 ఆంపియర్లు. 24 వోల్టులకు పనిచేసే ఫోన్ ఛార్జరు: 2. స్టీరియోకీ కెమెరాకీ 12 వోల్టులు ఇచ్చే 10 ఆంపియర్ల కన్వర్టరు: పూర్తి లోడు మీద 24 వోల్టుల వైపు నుంచి సుమారు 6 లాగుతుంది. మొత్తం 17 ఆంపియర్లు. రేపు ఇంకోటి పెట్టినా ఇబ్బంది లేకుండా మెయిన్ ఫ్యూజు 30 పెట్టుకుంటే, లావు వైరు 6 చదరపు మిల్లీమీటర్లది సరిపోతుంది. బ్యాటరీ నుంచి క్యాబిన్‌కి నాలుగు మీటర్లు అనుకున్నా, 17 ఆంపియర్ల మీద ఈ వైరులో పోయేది పావు వోల్టు లోపే.

ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. అందుకే ఫ్యూజు అంకె వైరు లావును బట్టి ఉండాలి. 1 చదరపు మిల్లీమీటరు వైరుకి 5, మహా అయితే 7.5 ఆంపియర్లు, 1.5కి 10, 2.5కి 15, 4కి 20, 6కి 30. ఇవి కాస్త జాగ్రత్తగా వేసిన అంకెలు. మన ఎండల్లో క్యాబిన్ లోపలి వేడికి, పైన గొట్టంలో కట్టలుగా పోయే వైర్లకు ఆ జాగ్రత్త అవసరమే. లోడు ఎప్పుడూ ఫ్యూజు అంకెలో మూడొంతులు దాటకుండా చూసుకోండి. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 9.5 లాగిస్తే ఈ రోజు నిలిచినా, వేడికి నీరసించి ఏదో ఒక రాత్రి ఘాటు రోడ్డు మీద పోతుంది.

షాపులో వైరు అడిగేటప్పుడు ఇంకో సంగతి. 14/76 అని అమ్మే సన్న వైరు అంటే 0.0076 అంగుళాల పోగులు 14. లెక్క కడితే అందులో ఉన్న రాగి 0.4 చదరపు మిల్లీమీటర్లే. 40/76 అయినా 1.2 దాటదు. పైన ప్లాస్టిక్కు మందంగా ఉంటే వైరు లావుగా కనిపిస్తుంది. చివర కోసి రాగిని చూడండి. ఇళ్ల వైరింగుకి వాడే ఒంటి కడ్డీ వైరు లారీకి అసలు పనికిరాదు, కుదుపులకు లగ్గు (వైరు కొసకి నొక్కి, బోల్టుకి బిగించే లోహపు ముక్క) దగ్గర విరుగుతుంది. సన్న పోగులు ఎక్కువున్న ఆటో కేబులే తీసుకోండి.

12 వోల్టులు ఎక్కడి నుంచి?

లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిసి 24 ఇస్తాయి. స్టీరియోకి 12 కావాలని, రెంటి మధ్యనున్న లింకు నుంచి వైరు లాగడం చాలా బండ్లలో కనిపిస్తుంది. ఆ పూటకి పాట వస్తుంది. కానీ స్టీరియో తాగేది ఛాసిస్ వైపు ఉన్న ఒక్క బ్యాటరీనే. డైనమో మాత్రం రెంటినీ కలిపి 28 వోల్టులు వచ్చేదాకా నింపుతుంది. కింద బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితోనే ఉంటే, పై బ్యాటరీకి 15 వోల్టుల దాకా ఎక్కి నీళ్లు మరిగిపోతాయి. కొన్ని నెలల్లో ఒకటి ఎండి, ఒకటి గడ్డకట్టి, జతగా పోతాయి. తర్వాత తప్పంతా బ్యాటరీ కంపెనీ మీదకు నెడతారు. కన్వర్టరు ధర కొత్త బ్యాటరీల జత ముందు ఏపాటిది? అది పెట్టకుండా 12 వోల్టుల సామాను పెట్టకండి.

కావలసినవి

ఆరు ఫ్యూజుల బ్లేడు బాక్సులు రెండు: ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది, ఒకటి తాళం తిప్పితేనే వచ్చేది. 30 ఆంపియర్ల మ్యాక్సీ (పెద్ద సైజు బ్లేడు) ఫ్యూజు, నీళ్లు దూరని హోల్డరు. 20 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరు ఒకటి. 24 వోల్టుల రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చిలు) రెండు, వాటి సాకెట్లు. ఎరుపు, నలుపు 6 చదరపు మిల్లీమీటర్ల వైరు తలా ఐదారు మీటర్లు, 4, 2.5, 1.5, 1 వైర్లు కొలత చూసుకుని. 6 వైరుకి 8 మిల్లీమీటర్ల రంధ్రమున్న రాగి లగ్గులు పది. ఎర్తులన్నీ కలపడానికి ఒక బస్‌బార్. నల్లటి మడతల గొట్టం, రబ్బరు గ్రోమెట్లు, వేడికి ముడుచుకునే స్లీవు, ట్యాగులు. పనిముట్లలో క్రింపింగ్ ప్లయరు, మల్టీమీటరు, వైర్లు కలిపిన 24 వోల్టుల 21 వాట్ల బల్బు తప్పనిసరి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇవన్నీ ఒక్క వీధిలో దొరుకుతాయి.

రిలే కొనేటప్పుడు పైన అచ్చు వేసింది చదవండి. పెద్ద అక్షరాల్లో 40 ఆంపియర్లు అని ఉన్నది చాలాసార్లు 12 వోల్టుల లెక్క. 24 లేదా 28 వోల్టులకు 20 అని పక్కన చిన్నగా ఉంటుంది. వోల్టేజీ పెరిగితే పాయింట్లు విడిపోయేటప్పుడు మెరుపు సాగుతుంది, పాయింట్లు అతుక్కుపోతాయి. మన లెక్కలో తాళం వైపు (ఫాగ్ లైట్లు, కన్వర్టరు, ఛార్జరు) లోడు 14 ఆంపియర్లే కాబట్టి 24 దగ్గర 20 ఉన్నది చాలు. దాని ముందు 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టేది అందుకే. 12 వోల్టుల రిలే తెచ్చి పెడితే దాని కాయిలు కాలిపోతుంది.

బిగింపు

తాళం తీశాక వెంటనే బ్యాటరీ ఊడదీయకండి. బీఎస్ 6 బండ్లలో ఇంజను ఆగాక కూడా డెఫ్ (పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం) పంపు పైపుల్లో మిగిలిన ద్రవాన్ని వెనక్కి లాగుతుంది. మధ్యలో కరెంటు పోతే అది పైపుల్లోనే గడ్డకడుతుంది. ఓ ఐదు నిమిషాలు ఆగండి. చేతి ఉంగరం, కడియం, వాచీ తీసి పక్కన పెట్టి, ముందు నెగటివ్ క్లాంపు విప్పండి. ముందే పాజిటివ్ విప్పబోతే, స్పానరు ఛాసిస్‌కి తగిలిన క్షణంలోనే వెల్డింగు మొదలవుతుంది.

మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యనున్న వైరుకి ఏ కాపలా ఉండదు, అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. బండికి బ్యాటరీ కటాఫ్ స్విచ్చి ఉంటే దాని అవతలి వైపు నుంచి తీసుకోండి. స్విచ్చి కట్టేస్తే మన బాక్సు కూడా చావాలి.

లావు వైరుని గొట్టంలో వేసి కంపెనీ వైరింగు వెళ్లిన దారినే తీసుకెళ్లండి. డీజిలు పైపులకూ బ్రేకు గాలి పైపులకూ కట్టకండి, సైలెన్సరుకీ టర్బోకీ దూరంగా ఉంచండి. క్యాబిన్ ముందుకు వాలే బండ్లలో ఒక జాగ్రత్త: ఛాసిస్ నుంచి క్యాబిన్‌లోకి వైరు దాటే చోట కంపెనీ వైర్ల కట్ట ఎంత వదులుగా వంగి ఉందో మీ వైరు కూడా అంతే వంగి ఉండాలి. కట్టేశాక క్యాబిన్‌ని పూర్తిగా వంచి, లాగుడు పడుతోందా, ఎక్కడైనా నలుగుతోందా చూసి మళ్లీ దించండి. రేకు రంధ్రంలోంచి దూరే ప్రతి చోటా గ్రోమెట్టు ఉండాల్సిందే.

బాక్సులకు మంచి చోటు క్లీనరు వైపు డ్యాష్‌బోర్డు కింద, కాళ్లు తగలనంత పైన. నీళ్ల క్యాను పెట్టే మూలకి, వాన కారే తలుపు అంచుకి దూరంగా ఉండాలి. మూత కిందికి కాకుండా మనిషి వైపు తెరుచుకునేలా పెడితే రాత్రి టార్చి వెలుగులో ఫ్యూజు మార్చడం తేలిక.

లోపలికి వచ్చిన 6 వైరు మొదటి బాక్సు స్టడ్డుకి (వైరు బిగించే బోల్టుకి) వెళ్తుంది. అదే స్టడ్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల ముక్క 20 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా రిలే మీద 30 అని రాసిన కాలికి, 87 నుంచి రెండో బాక్సుకి. 85 ఎర్తుకి. 86కి తాళం తిప్పితే వచ్చే కరెంటు కావాలి. దాన్ని కంపెనీ ఫ్యూజు బాక్సులో స్టీరియో లేదా యాక్సెసరీ ఫ్యూజు దగ్గర ట్యాప్ పెట్టి, 3 ఆంపియర్ల ఫ్యూజుతో తీసుకోండి. కాయిలు లాగేది 0.1 ఆంపియరు చుట్టుపక్కలే. ఈసీఎం (ఇంజను కంప్యూటరు), ఏబీఎస్ (బ్రేకుల కంప్యూటరు) ఫ్యూజుల జోలికి, జంటగా మెలిపెట్టి ఉండే సన్న వైర్ల జోలికి పోకండి. ఆ జంట వైర్లు బండి కంప్యూటర్లు మాట్లాడుకునే లైన్లు. రెండో రిలే ఫాగ్ లైట్లకి, డ్యాష్‌బోర్డు స్విచ్చి దాని కాయిలుని మాత్రమే నడపాలి.

ఎప్పుడూ కరెంటు ఉండే బాక్సులో ఫ్యాన్లు (5 ఆంపియర్లు), క్యాబిన్ ఎల్‌ఈడీలు (5) ఉంచండి. డ్రైవరు రాత్రి క్యాబిన్‌లో పడుకుంటాడు, ఫ్యాను తిరగాలి. రెండు ఫ్యాన్లు ఎనిమిది గంటలు తిరిగినా 16 ఆంపియర్ అవర్లే, మంచి బ్యాటరీలు తట్టుకుంటాయి. కన్వర్టరు (10), ఫాగ్ లైట్లు (10), ఛార్జరు (5) తాళం బాక్సులోకి. కన్వర్టరు పాట లేకపోయినా కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. లోడు కోసం నాలుగు రోజులు యార్డులో ఆగిన బండి స్టార్టు కాకపోవడానికి ఇలాంటివే కారణం.

లగ్గుని ప్లయరుతో నొక్కాక గట్టిగా గుంజి చూడండి, ఊడితే మళ్లీ చేయండి. నొక్కిన చోట టంకం పోయకండి: టంకం పాకినంత మేర వైరు బిరుసెక్కి, అది ఆగిన చోట కుదుపులకు విరుగుతుంది.

ఎర్తు

సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి. క్యాబిన్ రబ్బరు బుష్షుల మీద కూర్చుంటుంది, రేకుకి స్క్రూ కొట్టి ఎర్తు అనుకుంటే కుదరదు. సామాన్ల నలుపు వైర్లన్నీ బస్‌బార్‌కి చేర్చి, అక్కడి నుంచి 6 వైరు ఛాసిస్ ఎర్తు బోల్టుకి వేయండి. రంగు గీకి లోహం తళుక్కుమనేదాకా తీసి, స్టార్ వాషరుతో బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. అన్నీ ఆన్ చేసి, ఫాగ్ లైటు నెగటివ్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటరు పెడితే 0.3 వోల్టు దాటకూడదు. స్టీరియోలో ఇంజను రొద వినిపించినా, ఒక లైటు వేస్తే ఇంకోటి మసకబారినా, ముందు ఎర్తునే అనుమానించండి.

కరెంటు ఇచ్చే ముందు

బాక్సుల్లో ఫ్యూజులన్నీ తీసేయండి. మెయిన్ ఫ్యూజు పెట్టకుండా, హోల్డరు రెండు కొసలకీ 21 వాట్ల బల్బు కలిపి, చివరగా బ్యాటరీ నెగటివ్ బిగించండి. బల్బు నిండుగా వెలిగితే లావు వైరు ఎక్కడో ఛాసిస్‌కి తగులుతోంది. కానీ బల్బే కరెంటుని ఒక ఆంపియరు లోపు ఆపేస్తుంది కాబట్టి ఏమీ కాలదు, తీరిగ్గా వెతకొచ్చు. వెలగకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటే పెడుతూ, సామాన్లు ఆపి ఉంచి, తాళం తిప్పి, ప్రతిసారీ బల్బు చూడండి. కన్వర్టరు ఫ్యూజు పెట్టినప్పుడు ఒక్కసారి మినుక్కుమంటే భయం లేదు. అన్నీ అయ్యాక బల్బు తీసి 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి.

ఇంజను నడుపుతూ అరగంట అన్నీ ఆన్ చేసి, ఫ్యూజుల తలల మీద, లగ్గుల మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చన పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత కాలితే అక్కడ వదులుంది. బాక్సు ప్లాస్టిక్కు కరిగినా ఫ్యూజు పోలేదంటే, కారణం లోడు కాదు, పట్టు లేని క్లిప్పే. ఎక్కువ అంకె ఫ్యూజు పెడితే ఇంకా కాలుతుంది.

పోయిన ఫ్యూజు కూడా సంగతి చెబుతుంది. లోపలి తీగ మధ్యలో సన్నగా తెగి ఉంటే లోడు ఎక్కువైంది. లోపలంతా నల్లగా మసిబారితే నేరుగా షార్టు; వైరు చూడకుండా ఇంకోటి పెట్టకండి. వెండి కాగితం చుట్టి నడిపించడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. బ్లేడు ఫ్యూజులకు రంగు గుర్తుంచుకుంటే చాలు: 5 లేత గోధుమ, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ప్రతిదీ రెండేసి అదనంగా, మూత లోపల అంటించిన చీటీతో పాటు ఉంచండి. చీటీ తెలుగులో రాయండి, డ్రైవర్లు మారుతుంటారు.

ముందు వైపు స్పాట్ లైట్లు పెట్టాలనుకునేవాళ్లు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 111వ నిబంధన చూసుకోండి. రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా అవి కుదరవు. బండికి వెల్డింగు పని ఉన్నప్పుడు రెండు బ్యాటరీ క్లాంపులతో పాటు ఈ మెయిన్ ఫ్యూజు కూడా తీయించండి. మొదటి లాంగు ట్రిప్పు తర్వాత ప్రతి స్టడ్డు నట్టుకీ మళ్లీ స్పానరు పెట్టాలి, కొత్త లగ్గులు కుదుపులకు కాస్త సర్దుకుంటాయి.