ఆర్డర్ తీసుకునే ముందు అడగాల్సిన రెండు ప్రశ్నలు

వైజాగ్ బార్లలో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. సిరిపురంలో స్టీవార్డుగా మొదలుపెట్టాను, ఇప్పుడు బీచ్ రోడ్డు వైపు ఒక బార్ అండ్ రెస్టారెంట్లో కెప్టెన్ని. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి ఏటా కొత్త కుర్రాళ్లు వస్తుంటారు. పెగ్గు కొలవడం కన్నా ముందు వాళ్లకి రెండు ప్రశ్నలు నేర్పిస్తాను. "ఐడీ ఒకసారి చూపిస్తారా సార్?" "బండి ఎవరు నడుపుతున్నారు సార్?" రెండూ మెనూ కార్డు ఇచ్చేటప్పుడే అడిగేయాలి. ఒక రౌండ్ దిగాక అడిగితే మొదటిదానికి గొడవ, రెండోదానికి అబద్ధం వస్తాయి.

ముందు వయసు సంగతి. ఆంధ్రాలో 21 నిండనివాళ్లకి మందు అమ్మకూడదు. కొత్తవాళ్లు డ్రైవింగ్ లైసెన్స్ కనిపించగానే సరే అనేస్తారు. లైసెన్సు 18కే వచ్చేస్తుంది, ఓటరు కార్డూ అంతే. కార్డు ఉంటే చాలదు, దాని మీద పుట్టిన తేదీ చూడాలి. శనివారం రాత్రి రష్‌లో మనసులో లెక్కలు కుదరవు. అందుకే మా కౌంటర్ వెనక ఒక అట్టముక్క వేలాడుతుంది. సరిగ్గా 21 ఏళ్ల కిందటి ఇదే తేదీని క్యాషియర్ రోజూ దాని మీద చాక్‌పీస్‌తో రాస్తాడు. ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్లకి లైమ్ సోడాయే.

ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోవద్దు. ఒకసారి బర్త్‌డే అని ఐదుగురు ఇంజనీరింగ్ కుర్రాళ్లు వచ్చారు. ఒకడు చూపించిన ఆధార్ ఫొటోలో పుట్టిన సంవత్సరం చివరి అంకె మిగతావాటికన్నా కాస్త లావుగా ఉంది. "డిజిలాకర్ తెరువు నాన్నా" అన్నాను. నెట్ లేదన్నాడు. వైఫై పాస్‌వర్డ్ చెప్పాను. నవ్వేశాడు. 19 అట. చికెన్ మంచూరియా తిని, మంచి టిప్పు కూడా పెట్టి వెళ్లారు.

దీనికన్నా చిక్కు ఫ్యామిలీ టేబుల్. తండ్రే 17 ఏళ్ల కొడుకు గ్లాసులో బీరు వంచుతుంటాడు, "నా కొడుకు, నా ఇష్టం" అంటాడు. ఆయన ఇష్టం కాదది. 18 లోపు పిల్లలకి డాక్టరు చెబితే తప్ప మందు ఇచ్చిన ఎవరికైనా 2015 జువైనల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. గ్లాసు తీసేయండి, వాదన పెట్టుకోకండి, నన్ను పిలవండి. యజమానులకి ఇంకో మాట. కిచెన్లో పనిచేసే పిల్లాడు కదా అని 18 నిండనివాడి చేత సీసాలు మోయిస్తే 78వ సెక్షన్, శిక్ష అంతే.

ఇక రెండో ప్రశ్న. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. నడిపినవాళ్లకే కాదు, నడపబోయినవాళ్లకీ వర్తిస్తుంది.

30 అంటే ఎంత? "ఒక్క లార్జే సార్" అంటారందరూ. 60 ఎంఎల్ విస్కీలో 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగాడు ఖాళీ కడుపుతో తాగితే ఆ ఒక్క లార్జే 40 దగ్గరికి చేరుస్తుంది. పెద్ద సీసా స్ట్రాంగ్ బీరయితే 80 పైనే. బీరే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువగా దొరుకుతారు. దిగడం మాత్రం గంటకి సుమారు 15. కాఫీ, మజ్జిగ, కిళ్లీ, చన్నీళ్ల స్నానం... ఏదీ దాన్ని తొందరపెట్టదు.

ఈ లెక్క నాకు బాగా ఖరీదుగా వచ్చింది. ఒక స్టాఫ్ పార్టీలో రెండు స్ట్రాంగ్ బీర్లు తాగి అర్ధరాత్రికి ఆపేశాను. బుద్ధిగా అక్కడే పడుకున్నాను కూడా. పొద్దున్నే ఆరింటికి బండి మీద గాజువాక బయల్దేరితే ఎన్ఏడీ కొత్త రోడ్డు దగ్గర ఆపారు. ఊదాను. 48. తల భారంగా కూడా లేదు, మొహం కడుక్కుని టీ తాగి మరీ వచ్చాను. కోర్టులో పది వేలు కట్టాను. మా ఆవిడ ఇప్పటికీ బీరు సీసా కనిపిస్తే "పదివేలు" అంటుంది.

చెకింగ్‌లో ఆపితే ఏం చేయాలో కస్టమర్లు అడుగుతుంటారు. ఊదనని మొండికేస్తే లాభం లేదు, కారణం లేకుండా నిరాకరించడం కూడా కోర్టులో మీకు వ్యతిరేకంగా సాక్ష్యమే. కొత్త స్ట్రా అడగొచ్చు. చివరి గుక్క అప్పుడే తాగి ఉంటే ఆ మాట చెప్పి పావుగంట ఆగమని అడగండి, నోట్లో మిగిలిన మందు రీడింగ్ పెంచుతుంది. అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. యాక్సిడెంట్ అయిందా, సొంత బండి రిపేరుకి ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి.

కస్టమర్ల బళ్లు పార్క్ చేసే వాలెట్ కుర్రాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తూలుతున్న మనిషికి తాళం చేతికిచ్చి, తలుపు తీసి సలాం కొట్టడం మర్యాద కాదు. ఆ నేరానికి సాయం చేసినవాళ్లకీ అదే శిక్ష అంటుంది 188వ సెక్షన్. అందుకే తాగుతానన్నవాళ్ల తాళం మొదటి రౌండ్ కన్నా ముందే తీసుకుని, టేబుల్ నంబరు చీటీ కట్టి పెట్టెలో వేస్తాం. తాళం ముందు, గ్లాసు తర్వాత. మొదట్లో ఓనరు వ్యాపారం పోతుందన్నారు. పోలేదు. ఆటోలో, క్యాబ్‌లో వెళ్లేవాళ్లు ఇంకో స్టార్టర్ చెబుతారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 డ్రై డేలు. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు నుంచి బంద్. లైసెన్సు లేని హోటళ్లు "బయట తెచ్చుకోండి, గ్లాసులిస్తాం" అంటే అదీ నేరమే. ఫంక్షన్ హాల్లో మందు పెట్టాలంటే ఎక్సైజ్ వాళ్ల దగ్గర ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. రుషికొండ ఇసకలో కూర్చుని తాగడం బహిరంగంగా తాగడమే, చీకటి పడినంత మాత్రాన ఇల్లయిపోదు.

కట్టేసే వేళకి పెట్టెలో రెండు మూడు తాళాలు మిగిలిపోతాయి. ఆ బళ్లు లోపలికి తోయించి వాచ్‌మన్‌కి నంబర్లు రాసిస్తాను. వాళ్లని మర్నాడు మధ్యాహ్నం రమ్మంటాం. తల దించుకుని వస్తారు పాపం. భోజనం చేశారా సార్ అని అడగండి, రాత్రి సంగతి ఎత్తకండి.