షుగర్ ఉన్న పెద్దవాళ్ల సత్తువ కొలవడం - 3వ పాఠం: నాలుగు మీటర్ల నడక

కిందటి పాఠంలో ఐదు ప్రశ్నలు నేర్చుకున్నాం. నీరసంగా ఉంటోందా, ఒక అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కగలరా, వీధి చివరిదాకా నడవగలరా, జబ్బులు ఎన్ని ఉన్నాయి, ఏడాదిలో ఒళ్లు తగ్గిందా అని. వీటిలో మూడు గాని అంతకన్నా ఎక్కువ గాని ఇబ్బందిగా తేలితే ఫ్రెయిల్టీ (వయసుతో ఒంట్లో సత్తువ బాగా తగ్గి చిక్కిపోవడం) ఉన్నట్టు, ఒకటో రెండో అయితే ఆ దారిలో ఉన్నట్టు అని రాసుకున్నాం.

ఇంట్లో అడిగి చూసినవాళ్లకు ఒక చిక్కు ఎదురై ఉంటుంది. మన పెద్దవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పరు. "నాకేటయింది, బాగానే ఉన్నాను" అంటారు. పిల్లల చేత ఖర్చు పెట్టించడం ఇష్టం లేక కొందరు, ముసలితనం అంటే ఇంతే కదా అనుకుని కొందరు. అందుకే ఈసారి నోటిని అడగొద్దు, కాళ్లను అడుగుదాం.

నాలుగు అడుగులు వేయాలంటే తొడ కండకు బలం ఉండాలి, అరికాలికి స్పర్శ తెలియాలి, కంటికి దారి కనబడాలి, ఒళ్లు తూలకుండా నిలబడాలి. ఏళ్ల తరబడి ఉన్న షుగర్ వీటిలో దేన్నీ వదలదు. అందుకే నడక వేగం ఒక్కటి కొలిస్తే చాలా సంగతులు బయటపడతాయి. 2001లో అమెరికాలో లిండా ఫ్రైడ్ బృందం ఫ్రెయిల్టీకి చెప్పిన ఐదు గుర్తుల్లో నెమ్మదించిన నడక ఒకటి. మిగతావి పిడికిలి బలం తగ్గడం, కోరకుండానే బరువు తగ్గడం, అలసట, కదలిక తగ్గిపోవడం.

ముందు చోటు చూసుకోండి. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాత ఇళ్లు గోడకు గోడ ఆనుకుని, గది వెనక గదిగా ఉంటాయి. వీధి గుమ్మం నుంచి పెరట్లోకి తిన్నగా దారి ఉంది కదా అని అందులో కొలవకండి. మధ్యలో గడపలుంటాయి. గడప దాటేటప్పుడు ఎవరైనా ఆగుతారు, షుగర్‌తో కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లు తట్టుకుని పడతారు కూడా. వీధిలో సిమెంటు రోడ్డు గాని, పొడవాటి వరండా గాని మేలు. మొత్తం ఆరు మీటర్లు ఉండాలి. కుట్టుపని టేపు ఒకటిన్నర మీటరు ఉంటుంది. రెండుసార్లు పూర్తిగా, మూడోసారి వంద సెంటీమీటర్ల దాకా పెడితే నాలుగు మీటర్లు. రెండు చివర్లా సుద్దముక్కతో గీతలు గీయండి. మొదటి గీతకు ముందు ఒక మీటరు, రెండో గీత తర్వాత ఒక మీటరు వదలండి.

టిఫిన్ తినకుండా మాత్ర మాత్రం వేసుకున్నవాళ్లను నడిపించకండి. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం ఉంటే పరీక్ష మానేసి షుగర్ చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే పంచదార నీళ్లు పట్టించి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. అరికాళ్లు కూడా చూడండి. పుండు ఉంటే ఈ పరీక్ష వద్దు. మంచం మీద నుంచి లేచిన వెంటనే కాకుండా కాసేపు కూర్చోనిచ్చి, లేచి నిలబడితే కళ్లు తిరగడం లేదని తెలిశాకే మొదలుపెట్టండి.

"రోజూ కొట్టుకెళ్లేటట్టు నడువు" అనండి, చాలు. "గబగబా" అనకూడదు. మనకు కావలసింది మామూలు నడక. చేతికర్ర వాడేవాళ్లు కర్రతోనే నడవాలి. మీరు పక్కన, అడుగు వెనకగా నడవండి. ముందు నడిస్తే వాళ్లు మీ వేగాన్ని అందుకోవాలని చూస్తారు. కాలు మొదటి గీత దాటగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కండి, రెండో గీత దాటగానే ఆపండి. రెండుసార్లు చేసి, తక్కువ సమయం పట్టినదాన్ని రాసుకోండి.

మా పెద్దమ్మను మొదటిసారి నడిపించినప్పుడు, "నడక కొలవడమేటే, పెళ్లిచూపులకా?" అంది. డెబ్బై మూడేళ్లు, పదిహేనేళ్ల షుగర్. మొదటిసారి 5.8 సెకన్లు, రెండోసారి 5.6. నాలుగుని 5.6తో భాగిస్తే సెకనుకు 0.71 మీటర్లు. సెకన్లకన్నా ఆమె పాదాలే నాకు ఎక్కువ చెప్పాయి. మడమ ఎత్తకుండా నేలకు రాసుకుంటూ నడిచింది. తిరిగేటప్పుడు చెయ్యి గోడ కోసం వెతికింది. అంతకు ముందు నెలే షుగర్ రిపోర్టు "చాలా బాగుంది" అన్నారని మేమంతా సంతోషించాం. ఒళ్లు తగ్గడం కూడా మంచిదే అనుకున్నాం. భయంతో రాత్రి అన్నం మానేసి చోడంబలితో సరిపెట్టుకుంటోందని, తగ్గింది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా అని మాకు తట్టనే లేదు.

అంకె ఎలా చదవాలంటే, ఆసియా వాళ్ల కోసం 2019లో నిపుణులు పెట్టిన గీటు సెకనుకు 1 మీటరు. అంటే నాలుగు మీటర్లకు నాలుగు సెకన్లు దాటితే నడక నెమ్మదించినట్టు. సెకనుకు 0.8 లోపు ఉంటే, అంటే ఐదు సెకన్లు దాటితే, ఇంక ఆలస్యం చేయొద్దు. మోకాళ్ల నొప్పులున్నా నడక నెమ్మదిస్తుంది కాబట్టి, ఈ ఒక్క అంకెతో ఫ్రెయిల్టీ అని ముద్ర వేయకండి. ఐదు ప్రశ్నల జవాబుల పక్కనే దీన్నీ రాసి డాక్టరు గారికి చూపించండి.

చూపించినప్పుడు ఒక మాట తప్పకుండా అడగండి: "ఈ సత్తువకి ఈ మాత్రల డోసు సరిపోతుందాండీ?" సత్తువ ఉన్న పెద్దవాళ్లకు మూడు నెలల షుగర్ సగటు (రిపోర్టులో HbA1c అని ఉంటుంది) 7 నుంచి 7.5 లోపు ఉండాలంటారు. జబ్బులు ఎక్కువున్నవాళ్లకు 8 లోపు ఉంటే చాలంటారు. చిక్కిపోయినవాళ్లను గట్టి మాత్రలతో 6కి దించితే పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ముఖ్యంగా గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు పెద్దవాళ్లలో షుగర్‌ని మరీ కిందకు లాగేస్తాయి. అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు.

తిండిలో పప్పు, గుడ్డు, చేప, ఉలవలు పెంచితే కండకు మంచిది. కానీ ఉద్దానం వైపు వాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకుని, డాక్టరు చెప్పినంతే పెంచాలి. దుకాణంలో కొన్న ప్రోటీన్ పొడి అసలే వద్దు.

ఈ వారం పని: ఇంట్లో ఒకరిని, పక్కింట్లో ఒకరిని నడిపించి తేదీ, సెకన్లు, కర్ర ఉందో లేదో, పాదం ఎత్తుతున్నారో లేదో నోట్‌బుక్‌లో రాయండి. మూడు నెలల తర్వాత అదే చోట, అదే చెప్పులతో మళ్లీ కొలుస్తాం, కాబట్టి గీతలు ఎక్కడ గీశారో కూడా గుర్తు రాసుకోండి. వచ్చే పాఠానికి చేతులు లేని, జారని కుర్చీ ఒకటి గోడకు ఆనించి సిద్ధంగా ఉంచండి. చేతులు గుండెలకు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడం కొలుద్దాం.