సాఫ్ట్‌వేర్ చెప్పిన అంకె నమ్మాలా? స్కూలు ఫీజు సాయం ఆఫీసులో కొత్తగా చేరినవారికి సమస్యలు - పరిష్కారాలు

మన ఊళ్ళో ప్రైవేటు స్కూలు ఫీజు తగ్గాలంటే పద్ధతి తెలిసిందే. నాన్న కరెస్పాండెంట్ గారి గది బయట బెంచీ మీద కూర్చుంటాడు. లోపలికి పిలిచాక "ఇద్దరు పిల్లలు సార్, కొంచెం చూడండి" అంటాడు. ఆయన కాగితం మీద ఒక అంకె కొట్టేసి పక్కన ఇంకో అంకె వేస్తాడు. అంతే.

అమెరికాలో ఇండిపెండెంట్ స్కూళ్ళని ఉంటాయి. సొంత ట్రస్టీల బోర్డుతో, ఫీజులూ విరాళాల మీద నడిచేవి. వాటిలో ఈ పనికి ప్రత్యేకంగా ఒక ఆఫీసు ఉంటుంది. తల్లిదండ్రులు ఎస్ఎస్ఎస్, క్లారిటీ, ఫ్యాక్ట్స్ లాంటి ఏదో ఒక సర్వీసులో ఫారం నింపుతారు, పన్ను కాగితాలు పెడతారు. ఆ కుటుంబం ఎంత కట్టగలదో సాఫ్ట్‌వేర్ ఒక అంచనా ఇస్తుంది. ఎంత సాయం ఇవ్వాలో స్కూలు కమిటీ తేలుస్తుంది. ఈ రెండింటి మధ్య కూర్చునేది మనం.

గ్రీన్‌కార్డు వరసలో ఉన్న కుటుంబాల్లో హెచ్-4 వీసా మీద ఉన్న భార్యలకో భర్తలకో 2015లో పని అనుమతి వచ్చాక, నాలాగే స్కూలు ఆఫీసుల్లో చేరిన తెలుగువాళ్ళు కొందరున్నారు. జనవరి వచ్చేసరికి వాళ్ళు ఫోన్ చేసి అడిగేవి ఏటా దాదాపు ఇవే.

సమస్య: సొంత వ్యాపారం, మంచి ఇల్లు. సాఫ్ట్‌వేర్ మాత్రం "వీళ్ళేమీ కట్టలేరు" అంటోంది

కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కొందరు సాఫ్ట్‌వేర్‌ను నమ్మి పూర్తి సాయం రాసేస్తారు. కొందరు "దొంగ లెక్కలు" అని ఫైలు పక్కన పడేస్తారు. రెండూ తప్పే.

కారణం: పన్ను లెక్కలో ఖర్చు అని రాసుకున్నదంతా జేబులోంచి పోయిన డబ్బు కాదు. చిన్న వ్యాపారాల వాళ్ళు షెడ్యూల్ సి అనే కాగితం పెడతారు. దాని మొదటి పేజీ చివర 31వ లైనులో ఉండే నికర లాభమే సాఫ్ట్‌వేర్‌కు కనిపిస్తుంది. పైన ఏముందో మనమే చదవాలి.

ఒక క్యాటరింగ్ కుటుంబం అనుకుందాం. 31వ లైనులో 34,000 డాలర్లు. పైకి వెళ్తే 13వ లైనులో తరుగుదల 41,000. అంటే ఆ ఏడాది కొత్త వ్యాను కొని, దాని ధర మొత్తం ఒకేసారి రాసేసుకున్నారు. చట్టం ఒప్పుకునేదే, తప్పేమీ లేదు. 30వ లైనులో ఇంట్లో ఒక గదిని ఆఫీసుగా వాడుకుంటున్నందుకు 6,500. ఆ ఇంటి ఖర్చు ఎలాగూ కుటుంబం లెక్కలోకి వస్తుంది కాబట్టి రెండుసార్లు తీసేయకూడదు. 9వ లైనులో కారు ఖర్చు 8,200. అదే కారులో పిల్లల్నీ దింపుతారు కనుక మా దగ్గర సగం కలుపుతాం. ఇప్పుడు కూడండి: 34,000, 41,000, 6,500, 4,100. మొత్తం 85,600.

కొత్తవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు, "చూశారా, పట్టేశాను" అని. ఆగకండి. ఆ వ్యాను అప్పు మీద కొన్నదేమో అడగండి. అప్పు మీద కట్టే వడ్డీ షెడ్యూల్ సిలో ఖర్చుగా ఉంటుంది కానీ తిరిగి కట్టే అసలు సొమ్ము అందులో ఉండదు. లోన్ స్టేట్‌మెంట్ తెప్పిస్తే నెలకు అసలు కిందే 1,200 పోతోందని తేలింది అనుకోండి. ఏడాదికి 14,400. అది నిజంగా జేబులోంచి పోతున్న డబ్బు. తీసేస్తే మిగిలేది 71,200. పన్ను కాగితం చెప్పిన 34,000 కాదు, మనం ఎగిరి గంతేసిన 85,600 కూడా కాదు.

పరిష్కారం: కలిపిన ప్రతి అంకెకూ, తీసేసిన ప్రతి అంకెకూ ఫైల్లో ఒక వాక్యం రాయండి. "13వ లైను తరుగుదల కలిపాం, వ్యాను అప్పు అసలు తీసేశాం, స్టేట్‌మెంట్ చూశాం." తేదీ వేయండి. ఏప్రిల్లో ఆ కుటుంబం మళ్ళీ అడిగినప్పుడు, మీరు సెలవులో ఉన్నా, ఆ వాక్యం మీ బదులు మాట్లాడుతుంది. అద్దె ఇళ్ళున్నవాళ్ళు పెట్టే షెడ్యూల్-ఈ కాగితంలో తరుగుదల చూపే 18వ లైనుకూ ఇదే పద్ధతి.

సమస్య: ఉద్యోగస్థుల జీతం ఉండాల్సిన దానికంటే తక్కువగా కనిపిస్తోంది

కంపెనీ ఏటా ఇచ్చే జీతం లెక్క, డబ్ల్యూ-2 కాగితంలో 1వ గడి మాత్రమే చూసి ఉంటారు. 401కె రిటైర్మెంట్ ఖాతాలోకి మళ్ళించిన డబ్బు ఆ గడిలో ఉండదు. 12వ గడిలో డి అక్షరం పక్కన ఉంటుంది. అది కుటుంబం తన ఇష్టంతో దాచుకుంటున్న సొమ్ము కాబట్టి చాలా స్కూళ్ళు దాన్ని ఆదాయంలో కలిపే చూస్తాయి. అదే గడిలో డిడి అని ఇంకోటి ఉంటుంది. అది ఆరోగ్య బీమా ఖరీదు, ఊరికే తెలియజేయడానికి వేసింది. దాన్ని కలపకండి. మొదటి ఏడాది నేను కలిపాను. మూడు ఫైళ్ళు అయ్యాక మా డైరెక్టర్ గారు పట్టుకున్నారు.

సమస్య: పోయినేడు అంత సాయం ఇచ్చిన కుటుంబానికి ఈసారి ఇంత తక్కువేంటి?

పైన చెప్పిన వ్యాను గుర్తుందిగా. తరుగుదల మొత్తం పోయినేడే రాసేసుకున్నారు, ఈ ఏడు రాసుకోవడానికి ఏమీ లేదు. లాభం ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది, కుటుంబం బతుకు మాత్రం అంతే ఉంది. అందుకే రెండేళ్ళ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఇంకో కారణం కూడా తరచూ ఉంటుంది. అన్నయ్య కాలేజీకి వెళ్ళాడా, ఇంకా బడిలోనే ఉన్నాడా అన్నది ఫారంలో తప్పుగా పడటం. ఫీజు కట్టే పిల్లలు ఎంతమందో దాన్నిబట్టి మన అంచనా పంచబడుతుంది. కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం కోరే ఫాఫ్సా ఫారంలో 2024-25 నుంచి ఈ లెక్క తీసేశారు. అందుకని తల్లిదండ్రులు "అది ఇప్పుడు అక్కర్లేదట కదా" అని వదిలేస్తున్నారు. ఫాఫ్సా కాలేజీలది. మన ఫారం వేరు, అడిగి రాయించండి.

సమస్య: మార్చి నెలకే డబ్బు అయిపోయింది. ఇచ్చిన పిల్లలు కూడా చేరలేదు

ఇవి రెండు సమస్యల్లా కనిపిస్తాయి కానీ మూలం ఒకటే: పంచే తీరు.

చాలా బోర్డింగ్ స్కూళ్ళు మార్చి 10న అడ్మిషన్ ఫలితాలు చెబుతాయి. పన్ను రిటర్నుల గడువేమో ఏప్రిల్ 15. అంటే మనం నిర్ణయించే నాటికి చాలా కుటుంబాల కొత్త రిటర్ను తయారై ఉండదు. పోయినేటి రిటర్ను, కొత్త డబ్ల్యూ-2 చేతిలో పెట్టుకుని పంచాలి. ఆ హడావుడిలో అడ్మిషన్ల వాళ్ళు కొత్త పిల్లల జాబితా ముందు తెచ్చి పెడతారు. బాగుంటుంది కాబట్టి మనమూ అటే ఒరుగుతాం. తీరా చూస్తే ఇప్పటికే మన స్కూల్లో చదువుతున్న పిల్లలకు మిగలదు.

ముందు పాత పిల్లలు, తర్వాతే కొత్తవాళ్ళు. దీనికి మినహాయింపు లేదని నా అభిప్రాయం. కమిటీలో ఎవరు ఎంత ముచ్చటగా మాట్లాడినా సరే.

ఇక చేరకపోవడం సంగతి. 20,000 అవసరమున్న కుటుంబానికి 12,000 ఇచ్చి, మిగతాది ఇంకొకరికి సర్దితే ఇద్దరికీ మేలు చేశామనిపిస్తుంది. పెళ్ళి భోజనాల్లో కూర సరిపోదేమోనని గరిటెలో సగమే వడ్డించినట్టు ఉంటుంది ఆ పంపకం. ఆ ఇద్దరూ రారు. రాకపోతే స్కూలుకు వచ్చేది సున్నా. 32,000 ఫీజులో 20,000 సాయం ఇచ్చి చేర్చుకుంటే 12,000 అయినా వస్తుంది, ఖాళీ సీటుకు ఏమీ రాదు. బిజినెస్ ఆఫీసుతో మాట్లాడేటప్పుడు ఈ భాషలోనే మాట్లాడండి, వింటారు.

మొత్తంలో కొంచెం పక్కన పెట్టండి. ఏడాది మధ్యలో ఉద్యోగాలు పోతాయి. హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నాయనకు ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్ళకు "వచ్చే ఏడాది చూద్దాం" అనే జవాబు పనికిరాదు.

సమస్య: విడిపోయిన తల్లిదండ్రులు. అమ్మ ఫారం వచ్చింది, "నాన్న కట్టడు, ఇదిగో కోర్టు కాగితం" అంటోంది

కోర్టు కాగితం వాళ్ళిద్దరి మధ్యది. స్కూలు అందులో పార్టీ కాదు. ఇద్దరి దగ్గరా విడివిడిగా ఫారం తీసుకోవాలి, ఒకరి లెక్క రెండోవారికి కనపడకుండా. నాన్న ఆచూకీ లేదంటేనో, ఆయన వల్ల ప్రమాదం ఉందంటేనో లాయరు, డాక్టరు, గుడి పెద్దో చర్చి పెద్దో ఎవరో ఒక బయటివారి ఉత్తరంతో మినహాయించండి. ఆమె చేత పదేపదే చెప్పించుకోవద్దు. ఒక ఉత్తరం చాలు.

సమస్య: "అక్కా, మీరు మనవాళ్ళే కదా, ఒక్క మాట చెప్పండి"

తెలుగువాళ్ళకు మాత్రమే వచ్చే తలనొప్పి ఇది.

సంక్రాంతి పాట్‌లక్‌లో, చేతిలో పులిహోర ప్లేటుతో నిలబడి ఉన్నాను. ఒకావిడ పక్కకు వచ్చి, "మా ఆయన ఫారం పెట్టారక్కా, వస్తుందంటారా?" అని అడిగింది. "మంచి మార్కులున్న పిల్లలకి ఎందుకు రాదమ్మా" అన్నాను. ఊరడింపుగా అన్న మాట అది. ఆవిడ ఇంటికెళ్ళి సాయం వస్తుందని చెప్పేసింది. రాలేదు. పైగా నేనన్నది తప్పు కూడా. మా స్కూల్లో సాయం అవసరాన్ని బట్టే, మార్కులకు సంబంధం లేదు. తర్వాత రెండేళ్ళు ఆవిడ గుడిలో ఎదురైనా పలకరించలేదు.

కారణం: ఫీజు సాయాన్ని వాళ్ళూ, లోపల్లోపల మనమూ ఇంకా కరెస్పాండెంట్ గారి కన్సెషన్ లాగే చూస్తున్నాం. తెలిసినవాళ్ళుంటే పని అవుతుందనే లెక్క.

పరిష్కారం: మొదటిది, తెలిసిన కుటుంబం ఫైలు వస్తే అదే రోజు డైరెక్టర్‌కు చెప్పి ఇంకొకరికి ఇచ్చేయండి. రెండోది, ఆఫీసు బయట ఎవరడిగినా ఒకే మాట: "ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండమ్మా, అక్కడే చూస్తారు." మొదట్లో కరుకుగా అనిపిస్తుంది, అలవాటవుతుంది.

సాయం తక్కువైందని ఫోన్ చేసినప్పుడూ అంతే. ఫోన్లో అంకె మార్చకండి, సమర్థించుకోకండి కూడా. అడగాల్సింది ఒక్కటే: "ఫారం పెట్టాక ఏమైనా మారిందా అండీ?" ఉద్యోగం పోయిందా, ఆస్పత్రి ఖర్చు వచ్చిందా, ఇంట్లో ఎవరైనా పోయారా. ఏదైనా మారితే కాగితం పంపమనండి, కమిటీకి వెళ్తుంది. మారింది ఏమీ లేకపోయినా అంకె నచ్చలేదంటే, కమిటీకి కొత్తగా చూడటానికి ఏమీ ఉండదని నెమ్మదిగా చెప్పండి. "వాళ్ళకెంత ఇచ్చారు?" అనే ప్రశ్నకు జవాబు లేదు, అది అడిగింది మీ పిన్నికూతురైనా.

సమస్య: ఊళ్ళో పొలం, అమ్మానాన్నలకు పంపే డబ్బు ఫారంలో ఎక్కడ రాయాలి?

పొలం, ప్లాటు, ఊళ్ళో ఇల్లు ఆస్తులే. ఎక్కడున్నా రాయాలి. కానీ భారతీయ పేరు కనిపించగానే "ఇండియాలో ఏమైనా ఉందా" అని అడగడం సరికాదు. విదేశీ ఆస్తుల ప్రశ్న అడిగితే అందరినీ అడగాలి. కౌలు వస్తే ఆదాయం. అన్నదమ్ముల మధ్య పంపకం కాని పొలం అయితే, ఇవాళ అమ్ముకోలేరని నాకూ తెలుసు, అమెరికన్ కమిటీకి తెలియదు. ఆ వాక్యం ఫైల్లో రాయడమే మన ఉపయోగం.

ఇంటికి పంపే డబ్బు చిక్కు ప్రశ్న. కొన్ని స్కూళ్ళు ఇష్టపూర్వకమైన ఖర్చు అంటాయి. మన ఇళ్ళల్లో నాన్న డయాలసిస్‌కు పంపేది ఇష్టపూర్వకం ఎలా అవుతుంది? స్కూలు ఏదో ఒక పద్ధతి ఫైళ్ళు తెరవకముందే రాసిపెట్టుకోవాలి, అందరికీ అదే వాడాలి. మేం వైద్య ఖర్చుకు రశీదులుంటే ఒప్పుకుంటాం, తమ్ముడి ఇంటి గృహప్రవేశానికి ఒప్పుకోం.

సమస్య: సాయం అందింది, పిల్లవాడు చేరాడు. కానీ ట్రిప్పులకు రాడు, ఏదడిగినా "ఇష్టం లేదు" అంటాడు

ఫీజు వరకే లెక్క వేశాం. ల్యాప్‌టాప్, యూనిఫాం, మధ్యాహ్న భోజనం, ఆటల బూట్లు, ఎనిమిదో తరగతి వాషింగ్టన్ యాత్ర, ఇవన్నీ విడి బిల్లులు. ఫీజులో 80 శాతం సాయం పొందిన కుటుంబానికి వీటిలో కూడా 80 శాతం ఇవ్వడం మాకు తేలికగా కుదిరిన పద్ధతి. ట్రిప్పు ఫారంలో "సాయం కావాలంటే టిక్ పెట్టండి" అనే గడి పెట్టకండి, క్లాసు ముందు ఎవరూ టిక్ పెట్టరు. బిల్లు తయారయ్యేటప్పుడే తగ్గించి పంపండి. క్లాసు టీచరుకు కూడా తెలియనక్కర్లేదు.

సమస్య: పక్క స్కూలు ఆవిడ ఫోన్ చేసి "ఈ కుటుంబానికి మీరెంత ఇస్తున్నారు?" అంది

స్నేహంగానే అడుగుతారు. చెప్పకండి. 1991లో అమెరికా న్యాయశాఖ ఐవీ లీగ్ కాలేజీల (హార్వర్డ్, యేల్ లాంటివి) మీద, ఎంఐటీ మీద కేసు వేసింది ఇలాంటి పని గురించే. ఒకే విద్యార్థికి ఎవరెంత ఇవ్వాలో వాళ్ళు ముందే కూర్చుని మాట్లాడుకునేవారు. వ్యాపారంలో పోటీని కాపాడే చట్టం కింద అది నేరుగా చిక్కే. ఐవీ కాలేజీలు రాజీకి వచ్చాయి, ఎంఐటీ ఒక్కటే కోర్టులో కొట్లాడింది. లెక్కలు వేసే పద్ధతుల గురించి, శిక్షణ గురించి పక్క స్కూలుతో ఎంతసేపైనా మాట్లాడండి. ఒక కుటుంబం పేరు వచ్చిందంటే మాత్రం మాట మార్చి, ఫోన్ పెట్టేశాక ఆ ఫోన్ వచ్చిన సంగతి కూడా ఫైల్లో రాసుకోండి.