తగ్గితే పోసేయడం కాదు, ఎటు పోయిందో చూడాలి: బానెట్ కింద పావుగంట పని

కారు కొన్న మొదటి రెండేళ్లలో, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య నేను బానెట్ ఎత్తింది అద్దం కడిగే నీళ్లు పోయడానికే. ఒకసారి అలా ఎత్తినప్పుడు పక్కనే ఉన్న కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) డబ్బాలో లెవెల్ మిన్ (కనీస) గీత కంటే కిందకి దిగి కనిపించింది. పోశాను. ఇరవై రోజులకి మళ్లీ దిగింది, మళ్లీ పోశాను, కారుని ఎంత బాగా చూసుకుంటున్నానో అని లోపల కాస్త గర్వం కూడా. మూడు నెలలు గడిచాక ఒకరోజు ఎండలో, ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా ఎక్కి కూర్చుంది. తీరా చూస్తే వాటర్ పంపు సీలు దగ్గర ఎప్పట్నుంచో సన్నగా కారుతోంది. మొదటిసారి తగ్గినప్పుడే ఇది ఎటు పోతోందని చూసి ఉంటే చిన్న రిపేరుతో సరిపోయేది.

అందుకే ముందు ఈ తేడా పట్టుకోండి. కారులో పోసేవాటిలో కొన్ని వాడే కొద్దీ ఖర్చయ్యేవి: పెట్రోలు, డీజిల్, అద్దం కడిగే నీళ్లు, కొన్ని డీజిల్ కార్లలో యాడ్‌బ్లూ (పొగలోని హానికర వాయువుల్ని తగ్గించే ద్రవం), కొంతవరకు ఇంజిన్ ఆయిల్. మిగతావి, అంటే కూలెంట్, బ్రేక్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్, గేర్ ఆయిల్, మూసి ఉన్న చోట తిరిగేవి. ఇవి ఖర్చవ్వవు. తగ్గాయంటే కారణం ఉంటుంది.

నెలకోసారి చూస్తే చాలు, దూర ప్రయాణానికి ముందు ఇంకోసారి. పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు, నేల చదునుగా ఉన్న చోట చూడండి. పాత కాటన్ గుడ్డ, టార్చి, గాలి గేజి, ఒక చిన్న నోట్‌బుక్ ఉంటే సరిపోతుంది. కారుతో వచ్చిన మాన్యువల్ ఎక్కడో డ్యాష్‌బోర్డు అరలో పడి ఉంటుంది, దాన్ని బయటకు తీయండి, ఎందుకంటే ఏ గ్రేడు ఆయిల్, ఏ రకం కూలెంట్ అన్న విషయంలో పక్కింటాయన మాటకంటే, నా మాటకంటే కూడా అందులో రాసిందే ఫైనల్.

ఇంజిన్ ఆయిల్‌తో మొదలుపెడదాం. బండి నడిచి ఉంటే ఆపి కనీసం పది నిమిషాలు ఆగాలి, పైన ఉన్న ఆయిల్ అంతా ఇంజిన్ అడుగున ఉండే తొట్టి, అంటే సంపులోకి దిగాలి కదా. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ కొలిచే పుల్ల) లాగి, శుభ్రంగా తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి నొక్కి, అప్పుడు తీసి చూడండి. మొదటిసారి లాగినప్పుడు కనిపించే గీతని నమ్మొద్దు. మిన్, మ్యాక్స్ రెంటి మధ్యా ఎక్కడున్నా ఫర్వాలేదు. చాలా కార్లలో ఆ రెండు గుర్తుల మధ్య తేడా సుమారు ఒక లీటరు, కాబట్టి మిన్ దగ్గరుంటే డబ్బా మొత్తం ఒంపేయకుండా కొంచెం పోసి, ఆగి, మళ్లీ చూసుకుంటూ పోయండి. ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోకండి, ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగకి పంపులో ప్రెషర్ రాదు, సీళ్ల దగ్గర లీకులూ మొదలవుతాయి. కొన్ని కొత్త కార్లలో అసలు డిప్‌స్టిక్కే ఉండదు, స్క్రీన్ మీద చూసుకోవాలి.

రంగు చూసి భయపడేవాళ్లు చాలామంది. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, అది మసి, మామూలే. భయపడాల్సింది పాలు కలిపినట్టు చిక్కగా, లేత గోధుమ రంగులో కనిపిస్తే. కూలెంట్ వెళ్లి ఆయిల్‌లో కలుస్తోందని అర్థం, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు, బండి నడపొద్దు. అయితే చలికాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఆయిల్ మూత లోపలివైపు మాత్రమే అలాంటి పూత కాస్త కనిపిస్తే అది ఇంజిన్ సరిగా వేడెక్కక పట్టిన చెమ్మ కావచ్చు, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉండి కూలెంట్ తగ్గకపోతే కంగారు అక్కర్లేదు. ఇంకో విచిత్రం, లెవెల్ పెరగడం. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ కార్లు ఊరికే సిటీలో చిన్న చిన్న దూరాలు తిరుగుతుంటే, ఫిల్టర్‌లో మసి కాల్చడానికి వదిలిన డీజిల్ కొంత ఆయిల్‌లో చేరుతుంది, లెవెల్ మ్యాక్స్ దాటుతుంది. పెరిగింది కదా మంచిదే అనుకుంటే పొరపాటు, అది పలచబడ్డ ఆయిల్, మార్చేయాలి.

ఈ సందర్భంలోనే ఒక మాట. డ్యాష్‌బోర్డులో ఎర్రగా వెలిగే ఆయిల్ క్యాన్ గుర్తు లెవెల్ గురించి కాదు, ప్రెషర్ గురించి. అది వెలిగేసరికి ఇంజిన్ లోపలి భాగాలకి ఆయిల్ సరిగా అందట్లేదు. ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇంటికెళ్లి చూద్దాం అనుకోవద్దు, పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఆ లైటు వెలగలేదు కాబట్టి ఆయిల్ నిండుగా ఉందనుకోవడం కూడా అంతే తప్పు.

కూలెంట్ చూడటానికి మూత తీయక్కర్లేదు, డబ్బా బయట నుంచే కనిపిస్తుంది, టార్చి వేసి మిన్ మ్యాక్స్ గీతలు చూడండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూతకీ డబ్బా మూతకీ చెయ్యి తగలనివ్వకండి. లోపల ప్రెషర్ ఉంటుంది, ఆ ప్రెషర్ వల్లే 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగకుండా ఉంటుంది, మూత తిప్పిన మరుక్షణం అదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదకి చిమ్ముతుంది. ఇక రంగుని నమ్మొద్దు. ఆకుపచ్చ, గులాబీ, నీలం అనేది కంపెనీ కలిపిన రంగే తప్ప రకం గుర్తు కాదు, రెండు డబ్బాలు ఒకే రంగులో ఉన్నా లోపలి మందులు వేరు కావచ్చు, పడనివి కలిస్తే తుప్పు పట్టకుండా ఆపే గుణం పోతుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది. మాన్యువల్‌లో చెప్పిన రకమే తీసుకోండి, నీళ్లు కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటరే కలపండి, సాధారణంగా సగం సగం. కుళాయి నీళ్లు దారిలో ఇరుక్కుపోయినప్పటి మాట, రోజూ వాడితే లోపల తెల్లటి పొర కడుతుంది. మిగిలిన కూలెంట్ పిల్లలకీ కుక్కలకీ పిల్లులకీ అందకుండా పెట్టండి. చాలావాటిలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా.

కూలెంట్ తగ్గుతోంది కానీ కింద ఒక్క చుక్క కూడా కనబడట్లేదా? కారు లోపల తియ్యటి వాసన వస్తుంటే, ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉంటే హీటర్ దగ్గర లీకు. ఇంజిన్ వేడెక్కాక కూడా పొగగొట్టంలోంచి తెల్లటి పొగ ఆగకపోతే కూలెంట్ ఇంజిన్‌లో కాలిపోతోంది. రెండింటికీ మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

బ్రేక్ ఆయిల్ విషయంలో చాలామంది చేసే తప్పు, తగ్గగానే నింపేయడం. బ్రేక్ ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది, పైన డబ్బాలో మెల్లగా లెవెల్ దిగుతుంది. అంటే ఇక్కడ ఆయిల్ ఎక్కడికీ పోలేదు, ప్యాడ్లు అరిగాయని మీకు చెబుతోంది, ముందు ప్యాడ్లు చూపించుకోండి. మీరు పైదాకా నింపేస్తే కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు అదంతా వెనక్కి తన్ని పొంగుతుంది, పెయింటు మీద పడితే పెయింటు ఊడిపోతుంది. మెల్లగా కాకుండా ఒక్కసారిగా తగ్గినా, పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతున్నా అది లీకు, లేదా లైన్లో గాలి. ఆ బండి నడపకండి. ఈ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది కూడా. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక గ్రేడు) కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు బాగా వేడెక్కి ఆయిల్ మరిగితే పెడల్ నేలకి తగులుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, ఎప్పుడో తెరిచి పెట్టిన సగం డబ్బా వాడొద్దనేదీ అందుకే. డాట్ 5 అనేది సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉందని డాట్ 4లో, డాట్ 5.1లో కలపకండి.

స్టీరింగ్ ఆయిల్ ఇప్పుడు చాలా కార్లలో లేనే లేదు, మోటారుతో తిరుగుతుంది. ఉన్నవాటిలో చక్రం పూర్తిగా తిప్పినప్పుడు మూలుగు లాంటి శబ్దం వస్తే లెవెల్ చూడండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జోలికి మాత్రం మీరు వెళ్లకండి, కొన్నింట్లో ఇంజిన్ నడుస్తుండగా వేడి మీద చూడాలి, కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు. గేరు పడటానికి ఆలస్యమవుతుంటే, కాలిన వాసన వస్తుంటే చూపించుకోండి.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, నీలంగా పొడి పట్టిందేమో చూడండి. తీసి శుభ్రం చేయాలంటే ముందు నెగటివ్ వైరు తీయాలి, బిగించేటప్పుడు అదే చివర్లో. మల్టీమీటర్ ఉంటే రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టుల దగ్గర చూపించాలి, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 14. నడుస్తున్నప్పుడూ 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేయట్లేదు, కొత్త బ్యాటరీ కొన్నా లాభం లేదు.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత కొట్టించాలో డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది, టైరు మీద అచ్చేసిన అంకె గరిష్ఠ పరిమితి, అది మీకు కావాల్సిన అంకె కాదు. అన్ని టైర్లూ కాస్త కాస్త తగ్గితే వాతావరణం చల్లబడి ఉండొచ్చు, ఒక్కటే తగ్గుతుంటే మేకో వాల్వో చూడండి. స్టెప్నీని మర్చిపోకండి, అందరూ మర్చిపోయేది దాన్నే.

ఇక లీకు పట్టుకోవడానికి తేలికైన ఉపాయం, రాత్రి ఇంజిన్ కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి పెట్టడం. పొద్దున్న మచ్చ ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో చూడండి. వట్టి నీళ్లయితే ఏసీవి, వదిలేయండి. గోధుమ రంగో నలుపో అయితే ఇంజిన్ ఆయిల్, ఎర్రగా ఉంటే చాలాసార్లు గేర్ లేదా స్టీరింగ్ ఆయిల్, పలుచగా జారుతూ చక్రం లోపలివైపు కనిపిస్తే బ్రేక్ ఆయిల్. అట్టని ఫోటో తీసి పెట్టుకోండి.

నోట్‌బుక్‌లో ప్రతిసారీ ఒక్క లైను చాలు: తేదీ, కిలోమీటర్ల రీడింగు, ఏది ఎంత ఉంది, ఏది ఎంత పోశారు. మెకానిక్ దగ్గరికి వెళ్లి "ఏదో తగ్గుతోందండి" అంటే ఆయన వెతకడం మొదటి నుంచి మొదలుపెట్టాలి. "800 కిలోమీటర్లలో కూలెంట్ అర లీటరు పోయింది, కింద మచ్చ లేదు, ఆయిల్ శుభ్రంగానే ఉంది" అని చెప్పి ఆ పేజీ చూపిస్తే సగం వెతుకులాట అక్కడే తప్పుతుంది.