ఇంట్లో బీపీ సరిగ్గా ఎలా చూసుకోవాలి? నలభై దాటిన ఆడవాళ్ల కోసం

మొన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి పరుగున వచ్చింది. "ఆంటీ, అమ్మకి బీపీ నూట అరవై ఎనిమిది చూపిస్తోంది. ఆస్పత్రికి తీసుకెళ్లిపోమంటారా?" అంది. వెళ్లి చూద్దును కదా, వాళ్లమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. కాళ్లు నేలకి అందక వేలాడుతున్నాయి. మోచేతి దాకా ఉండే జాకెట్ చేతిని పైకి మడిచి, ఆ మడత మీదే పట్టీ చుట్టారు. చెయ్యేమో ఒళ్లో ఉంది. పొయ్యి మీది కూర దించి అప్పుడే వచ్చి కూర్చుందట. ఎదురుగా టీవీ మోగుతోంది.

వదులు నైటీ వేసుకుని రమ్మన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, టీవీ కట్టించి, కాసేపు ఆగి నేను చూశాను. 138 వచ్చింది. నిమిషం ఆగి మళ్లీ చూస్తే 134. మనిషీ అదే, మిషనూ అదే.

ముప్పై ఏళ్లు నర్సు ఉద్యోగంలో ఊళ్లు తిరిగి బీపీలు చూసినదాన్ని. ఇప్పుడు ఇంటింటికీ మిషన్ వచ్చింది, సంతోషమే. చూసుకోవడం మాత్రం ఎవరూ నేర్పడం లేదు. తప్పుడు నంబరు చూసి కంగారుపడి అక్కర్లేని మందు మొదలుపెట్టేవాళ్లు ఒక పక్క. నిజంగా ఎక్కువ వచ్చినా "ఈ మిషన్ ఇంతే" అని పక్కన పెట్టేసేవాళ్లు ఇంకో పక్క. నాకు ఎక్కువ భయం ఈ రెండోవాళ్ల గురించే.

నలభై దాటాక ఎందుకంటే, మనవైపు ఆడవాళ్లకి నెలసరి ఆగిపోవడం ఎక్కువగా 45, 50 మధ్య జరుగుతుంది. రక్తనాళాలు మెత్తగా సాగుతూ ఉండడానికి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ సాయం చేస్తుంది. అది తగ్గాక నాళాలు బిగుసుకుంటాయి, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, ఉప్పు తింటే బీపీ ఇంతకుముందు కంటే సులువుగా పెరుగుతుంది. వయసులో ఉన్నన్నాళ్లూ మగవాళ్ల కంటే తక్కువగా ఉండే ఆడవాళ్ల బీపీ అరవై దాటేసరికి వాళ్లతో సమానమో, అంతకంటే ఎక్కువో అవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చినవాళ్లకి తర్వాత జీవితంలో అది వచ్చే అవకాశం మరీ ఎక్కువ. "అది కాన్పుతో పోయింది కదా" అని వదిలేయకండి.

తల తిరిగితేనే బీపీ అనుకోవడం మన దగ్గర పాతుకుపోయిన పొరపాటు. చాలామందికి ఏ బాధా తెలియదు. ఒళ్లంతా ఆవిర్లు రావడం, చెమటలు పట్టడం, గుండె దడ లాంటివి నెలసరి ఆగే రోజుల్లో బీపీ లేకపోయినా వస్తాయి. ఒంటిని బట్టి ఊహించడం కుదరదు, కొలవాల్సిందే.

మిషన్

చేతికి, అంటే మోచేతికి పైన, పట్టీ చుట్టే డిజిటల్ మిషన్ కొనండి. మణికట్టుకి పెట్టేది వద్దు, వాచీలు చూపించే బీపీని అసలు లెక్కలోకి తీసుకోవద్దు. పాదరసం మిషన్ అయితేనే నిజం చెబుతుందని వాదించే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ దానితోనే పని నేర్చుకున్నాను. చేతికి పట్టీ చుట్టి పాదరసంతో కొలిచే పద్ధతిని ఇటలీలో రివా రోచి అనే డాక్టరు 1896లో చెప్పాడు. స్టెతస్కోపుతో చప్పుడు విని బీపీలో పై నంబరూ, కింది నంబరూ రెండూ పట్టే పద్ధతి 1905లో రష్యాలో కొరోత్కోవ్ కనిపెట్టాడు. గొప్ప పద్ధతే, కానీ దానికి చెవి తర్ఫీదు కావాలి. ఇంట్లో మీ చేతికి మీరే గాలి కొట్టుకుంటూ వినడం జరిగే పని కాదు. పైగా పాదరసం ఒలికితే విషం. ఇంటికి డిజిటలే.

కొనేముందు పట్టీ కొలత చూడండి. దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చేతి చుట్టుకొలత తీసుకోండి. మామూలుగా డబ్బాలో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. మీది 33, 34 ఉంటే పెద్ద పట్టీ అడిగి తీసుకోండి. చిన్న పట్టీ లావు చేతికి చుడితే బీపీ లేని ఎక్కువ చూపిస్తుంది. 2023లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, బాగా పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకి మామూలు పట్టీ చుట్టి చూస్తే పై నంబరు దాదాపు 20 ఎక్కువ వచ్చింది. ఆ ఇరవైతో మనిషి రోగుల జాబితాలోకి వెళ్లిపోతుంది.

బ్యాటరీలు కొత్తవి వేయండి. ఒక నోటుపుస్తకం, పెన్ను పక్కన పెట్టుకోండి. అంతే.

వేళ

పొద్దున్న లేచి, బాత్రూముకి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, మాత్రలకి ముందు. వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, పిల్లల బాక్సులు సర్దాక చూసుకుంటాను అంటే నేను ఒప్పుకోను. అవన్నీ తర్వాత. సాయంత్రం భోజనానికి ముందు ఇంకోసారి. కాఫీ, టీ తాగినా, నడిచి వచ్చినా అరగంట ఆగాలి. మూత్రం ఆపుకుని కూర్చుంటే కూడా బీపీ పెరుగుతుంది.

కూర్చోవడం, పట్టీ చుట్టుకోవడం

పని మొత్తం చెడేది ఇక్కడే. బటన్ నొక్కడం చిన్నపిల్లలకీ వచ్చు. నంబరు నిజమైనదా కాదా అన్నది బటన్ నొక్కకముందే తేలిపోతుంది.

కుర్చీకి వెన్ను ఉండాలి. మంచం, దివాను, నేల మీద బాసింపట్టు వద్దు. వీపు ఆనకపోతే ఒళ్లు తనని తాను నిలబెట్టుకోవడానికి బిగుసుకుంటుంది, ఆ బిగువు బీపీలో కనిపిస్తుంది. కాలు మీద కాలు వేసుకోకూడదు. పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆనాలి. మనలో చాలామందిమి ఐదడుగులవాళ్లం, డైనింగ్ కుర్చీలో కూర్చుంటే మడమలు పైకి లేస్తాయి. కాళ్ల కింద వంటింటి పీట వేసుకోండి. ఈ పీట సంగతి ఏ మిషన్ డబ్బాలోనూ రాసి ఉండదు, కానీ నేను చూసిన తప్పుడు రీడింగుల్లో చాలా వాటికి వేలాడే కాళ్లు ఒక కారణం.

చెయ్యి బల్ల మీద ఉండాలి, పట్టీ చుట్టిన చోటు గుండె ఎత్తుకి రావాలి. అంటే సుమారుగా రొమ్ము మధ్య ఎత్తు. బల్ల పొట్టిగా ఉంటే మోచేతి కింద తువ్వాలు మడిచి పెట్టండి. అరచెయ్యి పైకి తెరిచి, వేళ్లు వదులుగా వదిలేయాలి. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే ఏమవుతుందో కొలిచి చూశారు: 2024లో వచ్చిన అమెరికా పరిశోధన ప్రకారం ఒళ్లో ఉంటే పై నంబరు సగటున 4 దాకా, పక్కకి వేలాడేస్తే 6, 7 దాకా ఎక్కువ వస్తుంది. గాలిలో చాపి పట్టుకోవడం కూడా తప్పే, కండ బిగుస్తుంది.

ఇప్పుడు జాకెట్ సంగతి. దీని గురించి నాకు నోరు నొప్పి పుట్టేలా చెప్పడం అలవాటైపోయింది. పట్టీ ఒట్టి చర్మం మీదే చుట్టాలి. జాకెట్ చెయ్యి మీద చుడితే తప్పు. దాన్ని పైకి తోసి చుట్టడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే మడిచిన గుడ్డ భుజం దగ్గర తాడు కట్టినట్టు బిగుస్తుంది. మడత కింద చర్మం మీద ఎర్రటి గీత పడిందంటే ఆ రీడింగు పనికిరాదు. చుడీదార్ బిగుతు చేతులదీ ఇదే కథ. చేతులు లేని నైటీయో, వదులు చొక్కానో వేసుకుని కూర్చోండి, లేదా జాకెట్ చేతిలోంచి చెయ్యి బయటికి తీసి పైన కొంగు కప్పుకోండి. నర్సుగా ఉన్నప్పుడు తలుపు వేసి ఇలాగే చూసేదాన్ని. సిగ్గుపడి జాకెట్ మీదే చూడమనేవాళ్లు, నేను చూసేదాన్ని కాదు.

పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్ల పైన ఉండాలి. ట్యూబు చెయ్యి లోపలివైపు, మధ్యవేలి దిక్కుగా దిగాలి. పట్టీ మీద బాణం గుర్తు ఉంటే అది మోచేతి మడతలో నాడి కొట్టుకునే చోటికి ఎదురుగా రావాలి. వేలు పెట్టి ఆ నాడిని ఒకసారి వెతికి పట్టుకోండి, తర్వాత ఎప్పుడూ మర్చిపోరు. చుట్టాక పట్టీ కింద రెండు వేళ్ల కొసలు దూరాలి. అరచెయ్యి దూరితే వదులు, ఒక్క వేలూ దూరకపోతే బిగుతు.

చుట్టుకున్నాక వెంటనే బటన్ నొక్కకండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆడవాళ్లకి అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదేనని నా అనుభవం. మూడో విజిల్ వస్తుందేమో, పాలు పొంగుతాయేమో, కోడలు పిలుస్తుందేమో అని చెవులు వంటింట్లోనే ఉంటాయి. స్టవ్ కట్టేయండి. ఫోను ఇంకో గదిలో పెట్టండి. ఈ ఐదు నిమిషాలు అమ్మని పిలవకూడదని ఇంట్లోవాళ్లకి చెప్పండి. మాట్లాడకూడదు, పక్కవాళ్లు మాట్లాడిస్తే తల కూడా ఊపకూడదు. మాట్లాడితే పది పాయింట్ల దాకా పెరగడం మామూలే. "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అని భుజం మీంచి తొంగిచూసే భర్తని కూడా బయటికి పంపండి.

ఏ చెయ్యి? మొదటి రోజు రెండు చేతులకీ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చెయ్యే. ఎప్పుడు చూసినా రెండు చేతులకీ పది కంటే ఎక్కువ తేడా వస్తుంటే డాక్టరుకి చెప్పండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసి ఉంటే ఆ వైపు చేతికి పట్టీ చుట్టకండి, డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన, అంటే రక్తనాళాలు కలిపి కుట్టిన, చేతికీ చుట్టకండి.

రాసుకోవడం

ఒకసారి చూశాక నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండూ రాయండి, తక్కువ వచ్చిందే రాసుకుని తృప్తిపడొద్దు. మిషన్‌లో జ్ఞాపకం ఉంటుంది కదా అంటారు. అందులో మీవి, మీ ఆయనవి, చూడ్డానికి వచ్చిన చుట్టాలవి అన్నీ కలిసిపోయి ఉంటాయి. పుస్తకంలోనే రాయాలి: తేదీ, వేళ, పై నంబరు, కింది నంబరు, నాడి.

ఇలా పొద్దున, సాయంత్రం వరసగా ఏడు రోజులు చూడండి. మొదటి రోజువి కొట్టేసి, మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో చూసుకున్న సగటు 135/85 గానీ, అంతకుమించి గానీ ఉంటే డాక్టరుని కలవాలి. ఆస్పత్రిలో చూసే 140/90కి ఇంట్లో ఇది సమానం. రెండు నంబర్లలో ఒక్కటి దాటినా దాటినట్టే. ఏడు రోజులూ మామూలుగా వస్తే ఇక రోజూ చూసుకుంటూ కూర్చోవద్దు. గంటకోసారి చూసుకుని ఆ కంగారుతోనే పెంచుకునేవాళ్లనీ చూశాను.

180/120 దాటితే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, చెయ్యీ కాలూ ఒక పక్క పట్టు తప్పడం, చూపు మసకబారడం వీటిలో ఏదున్నా మళ్లీ చూడడాలు వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి గుండెపోటు ఒక్కోసారి దవడ నొప్పిగా, వీపు నొప్పిగా, వాంతి వచ్చేటట్టుగా మొదలవుతుంది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి.

డాక్టరు దగ్గరికి

సంచిలో మూడు పెట్టుకోండి: నోటుపుస్తకం, మిషన్, మీరు వేసుకునే మాత్రలన్నీ. అన్నీ అంటే మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, బీపీ మందు పని కూడా తగ్గుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లు ఈ మాత్రల సంగతి ఎప్పుడూ ఆఖర్న, గుమ్మం దాటేటప్పుడు చెప్పేవాళ్లు. మీరు ముందే చెప్పండి.

ఉప్పు గురించి అడిగితే నిజం చెప్పండి. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాడు లోపే, ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో తక్కువే వేస్తానంటారు. పెరుగన్నంలో ఆవకాయ, పప్పులోకి అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప ఈ లెక్కలోకి రావు అనుకుంటారు. అవన్నీ ఆ చెంచాడులోవే.

సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో ముప్పై దాటినవాళ్లకి బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఆడవాళ్లకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష కూడా అందులోనే ఉంది. వెళ్లిన రోజే అవీ చేయించుకోండి, ఇంకో రోజు వస్తానని ఇంటికొచ్చేయొద్దు. డాక్టరు బీపీ చూసేటప్పుడు మీ మిషన్‌తోనూ అదే చేతికి చూడమని అడగండి. తేడా పెద్దగా లేకపోతే ఇంట్లోది నమ్మొచ్చు. ఏడాదికోసారి ఇలా సరిచూసుకోండి. మందు మొదలుపెడితే, నంబరు బాగుందని మీ అంతట మీరు ఆపకండి, అది బాగున్నది మందు వల్లే. పుస్తకం అయిపోతే కొత్తది కొని, పాతదాంట్లో చివరి వారం సగటు మొదటి పేజీలో ఎక్కించుకోండి.