వాడుకలో ఉన్న ఫైల్‌సిస్టమ్‌ను సురక్షితంగా అన్‌మౌంట్ చేయడం ఎలా?

లినక్స్‌లో బ్యాకప్ ముగించి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కును తీయడానికి ముందు దాని ఫైల్‌సిస్టమ్‌ను (ఫైళ్లను అమర్చి ఉంచే వ్యవస్థను) అన్‌మౌంట్ చేయబోతే, అంటే సిస్టమ్ నుంచి విడదీయబోతే, ఒక్కోసారి 'టార్గెట్ ఈజ్ బిజీ' అన్న సందేశం ఎదురవుతుంది. ఆ డిస్కులోని ఫైలునో ఫోల్డరునో ఏదో ప్రోగ్రామ్ ఇంకా పట్టుకుని ఉందని దాని అర్థం. కాపీ పూర్తయినట్టు తెరపై కనిపించినా, రాయవలసిన డేటా కొంత మెమరీలోనే నిలిచి ఉండవచ్చు కాబట్టి, విసుగుతో కేబులు లాగేస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

ముందుగా మీ టెర్మినల్‌నే (కమాండులు టైపు చేసే విండోనే) చూసుకోండి. అది ఆ డిస్కులోని ఫోల్డరులో ఉన్నంతసేపూ, ఏ ఫైలూ తెరవకపోయినా, అన్‌మౌంట్ జరగదు. 'సీడీ' అని మాత్రం టైపు చేసి ఎంటర్ నొక్కితే హోమ్ ఫోల్డరుకు వచ్చేస్తారు. చాలాసార్లు చిక్కు ఇక్కడే వీడిపోతుంది.

వీడకపోతే 'సుడో ఫ్యూజర్' కమాండుకు 'వి', 'ఎమ్' అనే చిన్న అక్షరాల ఆప్షన్లు చేర్చి, మౌంట్ పాయింట్ (ఆ డిస్కు జోడించి ఉన్న ఫోల్డరు) పాత్ ఇవ్వండి. డిస్కును వాడుతున్న ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు), వాటి పీఐడీలు (గుర్తింపు సంఖ్యలు) వరుసగా వస్తాయి. యాక్సెస్ గడిలో చిన్న 'సి' ఉంటే ఆ ప్రాసెస్ ఆ ఫోల్డరులో నిలిచి ఉందని, పెద్ద 'ఎఫ్' ఉంటే ఫైలును రాయడానికి తెరిచి ఉంచిందని గ్రహించాలి. ఈ రెండోదాని విషయంలో తొందర అసలు పనికిరాదు. ఆ ప్రోగ్రామ్‌లోకి వెళ్లి, పని సేవ్ చేసి మూసేయండి. మూతపడకపోతే పీఐడీతో మామూలు 'కిల్' పంపండి, అది సర్దుకుని ఆగిపోయే అవకాశాన్ని ఇస్తుంది.

ఫ్యూజర్‌కే 'కె' ఆప్షన్ చేర్చి అన్నిటినీ ఒకేసారి ఆపమని చెప్పేవారున్నారు కానీ, నేను వద్దంటాను. అది నేరుగా సిగ్‌కిల్‌ను, అంటే సర్దుకునే అవకాశం ఇవ్వకుండా ఆపేసే సంకేతాన్ని, పంపుతుంది. పైగా ఆ పాత్‌లో డిస్కు మౌంట్ అయి లేకపోతే, ఆ ఫోల్డరు ఉన్న ఫైల్‌సిస్టమ్‌ను, అంటే తరచుగా సిస్టమ్ మూలమైన రూట్‌నే, వాడుతున్న ప్రాసెస్‌లన్నిటినీ చంపేస్తుంది. తప్పనిసరైతే పెద్ద 'ఎమ్' కూడా చేర్చండి. అప్పుడు అది మౌంట్ పాయింట్ కాకపోతే కమాండు ముందుకు సాగదు.

ప్రాసెస్‌లేవీ కనిపించకపోతే, ఆ డిస్కు లోపల మరొకటి మౌంట్ అయిందేమో, స్వాప్ ఫైలు (మెమరీకి తోడుగా సిస్టమ్ వాడుకునే ఫైలు) ఉందేమో చూడండి.

డిస్కు వాడుకలో ఉన్నా విడదీసే 'యూమౌంట్ -ఎల్' కూడా ఇక్కడ పరిష్కారం కాదు. డిస్కు పేరు డైరెక్టరీల నుంచి మాయమవుతుంది కానీ, ఫైలు తెరిచిన ప్రోగ్రామ్ లోలోపల రాస్తూనే ఉంటుంది.

చివరగా మామూలు 'యూమౌంట్' ఇవ్వండి. స్పెల్లింగులో 'యు' తర్వాత 'ఎన్' ఉండదు. మిగిలిన డేటా రాయడానికి కొంతసేపు పట్టవచ్చు, కాబట్టి ప్రాంప్ట్ (తర్వాతి కమాండు కోసం టెర్మినల్ చూపే గుర్తు) తిరిగి వచ్చేదాకా ఆగి, డిస్కుల జాబితా చూపే 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కమాండులో ఆ డిస్కు పార్టిషన్ల (భాగాల) ఎదుట మౌంట్ పాయింట్ గడి ఖాళీ అయ్యాకే కేబులు తీయండి.