చిన్న విమానానికి టైర్లు కొనే ముందు

పాత టైరు మీదున్న నంబరు చూసి ఆర్డర్ పెట్టేయకండి. అంతకుముందు ఎవరో వేరే సైజు వేసి ఉండొచ్చు. విమానం మాన్యువల్ తెరిచి సైజు, ప్లై రేటింగ్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) రెండూ రాసుకోండి. చాలా సెస్నా 172 రకం చిన్న విమానాల్లో ప్రధాన చక్రాలకు 6.00-6, ముక్కు చక్రానికి 5.00-5 పడతాయి.

• సర్టిఫైడ్ విమానమైతే, అంటే విమానయాన అధికారులు ఆమోదించిన రకమైతే, టైరు మీద టీఎస్ఓ-సీ62 ముద్ర చూడండి. విమానం టైర్లకు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ పెట్టిన ప్రమాణం అది. సైజు కుదిరిందని ట్రాలీ టైరు వేయడం ప్రాణాలతో చెలగాటమే.

• పెద్ద సైజు వేద్దామనుకుంటే ఆమోదం ఉందో లేదో ముందే తేల్చుకోండి. వాడేకొద్దీ టైరు కాస్త ఉబ్బుతుంది, ఫెయిరింగ్‌కు (చక్రం మీది తొడుగుకు) రాసుకుంటుంది.

• కొత్త టైరుకు కొత్త ట్యూబే. పాతది సాగిపోయి ఉంటుంది, లోపల మడత పడుతుంది. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతాను.

• పార్శిల్ రాగానే టైరును వెలుతురులో తిప్పి చూడండి. పగుళ్లు, నొక్కుల మచ్చలు ఉంటే వెనక్కి పంపేయండి. టైరు పక్క గోడ మీద చిన్న ఎర్ర చుక్క కనిపిస్తుంది, అది టైరులో తేలికైన చోటు. ట్యూబులో బరువైన చోటును చూపే గుర్తు సరిగ్గా ఆ చుక్క దగ్గరికే రావాలి. గుర్తు లేకపోతే వాల్వ్‌ను అక్కడికి తెండి.

• వెంటనే బిగించకపోతే చల్లని, చీకటి గదిలో నిలబెట్టి ఉంచండి. మోటార్లు, వెల్డింగ్ దగ్గర వద్దు, వాటి నుంచి వచ్చే ఓజోన్ వాయువు రబ్బరును తినేస్తుంది.

• పాత చక్రం విప్పేటప్పుడు గాలి మొత్తం తీసేశాకే బోల్టుల మీద చెయ్యి వేయండి. రెండు ముక్కల రిమ్ము అది, ఒత్తిడి ఉంటే పేలినట్టు విడిపోతుంది.